మీ స్పోర్ట్ సెడాన్, మీ ఫ్రెండ్ స్పోర్ట్ సెడాన్: రెండు రోజుల్లో నిజాయితీగా పోల్చుకోవడం ఎలా

మీ దగ్గర ఒక స్పోర్ట్ సెడాన్ ఉంది, మీ ఫ్రెండ్ దగ్గర ఇంకొకటి. కలిసినప్పుడల్లా అదే చర్చ: ఏది దూకుడుగా వెళ్తుంది, ఏది ఇంటిల్లిపాదికీ పనికొస్తుంది. ఇది నోటిమాటతో తేలే సంగతి కాదు. ఒక శనివారం, ఆదివారం ఖాళీ పెట్టుకుని, కార్లు మార్చుకుని, ఒకే రోడ్డు మీద ఒకే పద్ధతిలో నడపండి. నేను ఇప్పటికి నాలుగుసార్లు ఇలా చేశాను. బ్రోచర్‌లో లేని విషయం ప్రతిసారీ ఏదో ఒకటి బయటపడింది.

మొదలుపెట్టే ముందు ఒక అలవాటు మానుకోండి. కాగితం మధ్యలో గీత కొట్టి ఒక పక్క ‘పెర్ఫార్మెన్స్’, ఇంకో పక్క ‘సౌకర్యం’ అని రాయకండి. ఈ తరగతి కార్లలో ఆ రెండూ విడివిడిగా ఉండవు. మలుపులో పట్టునిచ్చే పలచటి టైరే గతుకుల్లో నడుము అదరగొడుతుంది. పికప్ పెంచిన బ్యాటరీయే డిక్కీలో చోటు తినేస్తుంది. ఒంటిని గట్టిగా పట్టుకునే సీటే దిగేటప్పుడు మోకాళ్లను ఇబ్బంది పెడుతుంది. అందుకని ఒక్కో భాగానికి ఒక వరస రాసుకోండి. ఆ భాగం వేగంలో ఏమిచ్చింది, రోజూ వాడేటప్పుడు దానికి బదులు ఏం తీసుకుంది. నోట్‌బుక్ అంతా ఇలాగే నడవాలి.

ఇంకో మాట. ఎదుటివారి కారు మీరు నడిపితే ఇన్సూరెన్స్ వర్తిస్తుందో లేదో ఇద్దరూ ముందే కనుక్కోండి. ఇది తేలకుండా తాళాలు మార్చుకోవద్దు.

1. ముందు కాగితం మీది అంకెలను ఒకే కొలతలోకి తెచ్చుకోండి

చాలా వాదనలు ఇక్కడే పుడతాయి, ఎందుకంటే ఇద్దరూ చదివిన అంకెలు ఒకే కొలతలో ఉండవు. 2020లో కొత్త తరం బీఎండబ్ల్యూ ఎం3 కాంపిటీషన్‌ను ప్రకటించినప్పుడు ఒకచోట 510 అని, ఇంకోచోట 503 అని రాశారు. ఇంజిన్ ఒకటే. మొదటిది పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్), రెండోది మామూలు హార్స్‌పవర్. ఒక పీఎస్ అంటే 735.5 వాట్లు, ఒక హార్స్‌పవర్ అంటే 745.7 వాట్లు. అన్నీ కిలోవాట్లలోకి మార్చుకుంటే ఈ గొడవే ఉండదు.

బరువు విషయంలోనూ ఇంతే. యూరప్ పద్ధతి బరువులో డ్రైవర్, సామాను కలిపి 75 కిలోలు ఉంటాయి. డీఐఎన్ (జర్మనీ ప్రమాణాల సంస్థ) పద్ధతిలో డ్రైవర్ ఉండడు. ఒక కారుకి ఒక పద్ధతి, ఇంకో కారుకి ఇంకో పద్ధతి తీసుకుంటే లేని తేడా కనిపిస్తుంది. మనిషి లేకుండా, ట్యాంకు నింపి, రెండింటినీ ఒకే తూకం యంత్రం మీద పెట్టగలిగితే మరీ మంచిది.

ఇక అందరూ పట్టుకుని వేలాడే 0–100. అమెరికా పరీక్షల్లో 0 నుంచి 60 మైళ్లు, అంటే 96.6 కిలోమీటర్ల వేగం వరకే కొలుస్తారు. పైగా డ్రాగ్ స్ట్రిప్ (నేరుగా సాగే చిన్న రేసు దారి) అలవాటు ప్రకారం, చాలాసార్లు కారు మొదటి అడుగు (12 అంగుళాలు) దూరం కదిలాకే గడియారం మొదలవుతుంది. ఆ అడుగు దూరంలోనే సెకనులో రెండు మూడు పదో వంతులు కలిసొస్తాయి. ఒకరి చేతిలో ఆ అంకె, ఇంకొకరి చేతిలో యూరప్ అంకె ఉంటే పోలిక కుదరదు.

ట్రాక్ సమయాలు కూడా జాగ్రత్తగా చూడాలి. ఆల్ఫా రోమియో గియులియా క్వాడ్రిఫోల్యో 2016లో జర్మనీలోని రేసు ట్రాక్ నూర్బర్గ్‌రింగ్‌లో 7 నిమిషాల 32 సెకన్లు నమోదు చేసింది. అప్పట్లో కంపెనీలు సాధారణంగా చెప్పే ల్యాప్ దూరం 20.6 కిలోమీటర్లు. 2019 నుంచి అధికారిక ల్యాప్ 20.832 కిలోమీటర్లు. పాత అంకెను కొత్త అంకె పక్కన పెట్టేముందు ఈ తేడా గుర్తుంచుకోండి.

ఇప్పుడు పవర్‌ను బరువుతో భాగించండి. నాకు బాగా కళ్లు తెరిపించిన లెక్క ఇదే. 510 పీఎస్ ఎం3 కాంపిటీషన్ ఎక్స్‌డ్రైవ్ (నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే రకం) బరువు డీఐఎన్ లెక్కలో దాదాపు 1,780 కిలోలు. అంటే టన్నుకి సుమారు 287 పీఎస్. 2024లో వచ్చిన హైబ్రిడ్ ఎం5 పవర్ 727 పీఎస్, బరువు దాదాపు 2,435 కిలోలు. టన్నుకి సుమారు 299. పవర్‌లో 217 పీఎస్ తేడా ఉన్నా, టన్ను లెక్కకొచ్చేసరికి పన్నెండే మిగిలింది. కంపెనీ చెప్పే 0–100 సమయం రెండింటికీ 3.5 సెకన్లే. మిగతా పవరంతా బరువు మొయ్యడానికే పోయిందా అంటే, అంత తేలిగ్గా తీసిపారేయలేం. ఆ బరువులో కరెంటు మీదే కొన్ని పదుల కిలోమీటర్లు చప్పుడు లేకుండా వెళ్లే సదుపాయం కూడా ఉంది. అది మీకు రోజూ పనికొస్తుందా, లేదా? రెండో రోజు చివరికి మీ నోట్‌బుక్‌లో దీనికి జవాబు ఉండాలి.

2. టైర్లు చూడకుండా కారు కదిలించొద్దు

ఈ మెట్టు దాటేసి నేను ఒకసారి రోజంతా వృథా చేశాను. ఫ్రెండ్ కారు ప్రతి గుంతలో ఎముకలు కదిలించేసింది. సస్పెన్షన్ అంత గట్టిదని పేజీ నిండా రాశాను. సాయంత్రం గాలి కొలిస్తే నాలుగు టైర్లలోనూ ఉండాల్సిన దానికంటే 6 పీఎస్ఐ ఎక్కువ ఉంది. సరిచేసి అదే రోడ్డు మీద మళ్లీ వెళ్తే అది వేరే కారులా అనిపించింది. పొద్దున రాసిన పేజీ మొత్తం కొట్టేయాల్సి వచ్చింది.

అందుకని పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి కొలవండి. డ్రైవర్ డోరు తెరిస్తే స్తంభం మీద ఉండే స్టిక్కర్‌లో ఎంత ఉండాలో రాసి ఉంటుంది. ఆ ప్రకారం పెట్టండి. తర్వాత టైరు పక్క గోడ మీద అండాకారపు గడిలో నాలుగంకెలు వెతకండి. 2322 అని ఉంటే 2022లో 23వ వారంలో తయారైందని అర్థం. ఒక కారు టైర్లు కొత్తవి, ఇంకోదానివి ఆరేళ్లవి అయితే మీరు పోల్చేది కార్లను కాదు, రబ్బరును. ట్రెడ్ లోతు కూడా లోపలి అంచున, మధ్యలో, బయటి అంచున మూడు చోట్ల రాసుకోండి. చక్రాన్ని లోపలికి వాల్చి పెట్టిన కార్లలో లోపలి అంచు ముందు అరుగుతుంది, బయటి నుంచి చూస్తే తెలియదు.

సమ్మర్ టైర్లు ఉన్న కారుని చలిలో పరీక్షిస్తే దానికి అన్యాయం చేసినట్టే. సుమారు 7 డిగ్రీల కంటే చల్లబడితే ఆ రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది.

ఇక్కడే సైజు కూడా లెక్క వేయండి. ఎం3 కాంపిటీషన్ వెనక టైరు 285/30 ఆర్20. వెడల్పు 285 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 30 శాతం, అంటే 85 మిల్లీమీటర్ల పైచిలుకు. మామూలు సెడాన్లలో కనిపించే 225/50 ఆర్17 టైరు పక్క గోడ 112 మిల్లీమీటర్ల పైచిలుకు. రెండు వేళ్ల మందం రబ్బరు, గాలి మెత్త తగ్గిపోయాయన్నమాట. స్టీరింగ్ తిప్పగానే కారు స్పందించేది అందుకే. గుంత అంచు తగిలితే రిమ్ముకి దెబ్బ తగిలేదీ అందుకే. పైగా ఆ కారులో ముందు టైరు 275/35 ఆర్19. ముందూ వెనకా సైజులు వేరు కాబట్టి టైర్లను అటూ ఇటూ మార్చి సమానంగా అరగదీయడం కుదరదు. ఇవన్నీ ‘టైర్లు’ అనే ఒకే వరసలో రాయండి.

3. దారి ఒకటే, మూడు చుట్లు

ముప్పై నలభై కిలోమీటర్ల దారి ఎంచుకోండి. అందులో ట్రాఫిక్ ఉండాలి, గతుకులు ఉండాలి, వంకర్లు ఉండాలి, కొంచెం హైవే ఉండాలి. ప్రతి కారులో మూడు చుట్లు. మొదటి చుట్టులో ఏమీ రాయకండి. కొత్త కారు అన్న ఉత్సాహం కళ్లు కప్పేస్తుంది. బ్రేకు పెడల్, అద్దాలు, గేరు అలవాటు కావడానికే అది సరిపోతుంది. రెండో చుట్టు పూర్తిగా కంఫర్ట్ మోడ్‌లో, మూడోది మీకు నచ్చిన మోడ్‌లో.

ట్రాఫిక్ భాగాన్ని తేలిగ్గా తీసుకోకండి, నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువ బరువు దానికే. ఈ కార్లు జీవితంలో ఎక్కువ భాగం అక్కడే గడుపుతాయి. నడక వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ మీద కాలు వేసి తీయండి. గేరు కుదుపు ఇస్తోందా, మెత్తగా అందుకుంటోందా? 2014లో వచ్చిన ఎం3లో ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌లతో గేర్లు మార్చే ఆటోమేటిక్) ఉండేది. ఆ తర్వాతి తరంలో దాన్ని తీసేసి, టార్క్ కన్వర్టర్ (ద్రవం ద్వారా శక్తిని అందించే భాగం) ఉన్న ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ పెట్టారు. రెండూ వరసగా ట్రాఫిక్‌లో నడిపినవారికి ఆ తేడా పాదంలోనే తెలుస్తుంది.

ఒక యూ-టర్న్ కూడా పెట్టుకోండి. ఒకే తిప్పుతో తిరిగిందా, వెనక్కి తీయాల్సి వచ్చిందా అన్నది రాస్తే చాలు. వాలుగా ఉన్న పార్కింగ్ ర్యాంపు ఎక్కేటప్పుడు ముందు బంపర్ కింది అంచు గీసుకుందా లేదా కూడా.

4. పికప్ కొలవండి, కానీ ఆగిన చోట నుంచి కాదు

రోజువారీ జీవితంలో లాంచ్ కంట్రోల్ (ఆగిన చోట నుంచి వీలైనంత వేగంగా దూకించే సదుపాయం) ఎన్నిసార్లు వాడతారు? లారీని దాటడం మాత్రం రోజూ ఉంటుంది. కాబట్టి 80 నుంచి 120 కొలవండి. గేరు డీలోనే ఉంచి, స్థిరంగా 80లో వెళ్తూ ఒక్కసారి పూర్తిగా తొక్కండి. మీ కాలు కదిలిన క్షణం నుంచే సమయం లెక్కపెట్టాలి. గేరు దిగడానికి, టర్బో అందుకోవడానికి పట్టే ఆలస్యమంతా అందులో కలవాలి, ఎందుకంటే ఓవర్‌టేక్‌లో మీ అనుభవంలోకి వచ్చేది అదే. ఇది మూసిన ట్రాక్ మీద, లేదంటే వేగపరిమితి అనుమతించే ఖాళీ రోడ్డు మీద మాత్రమే. పరిమితి తక్కువైతే 40 నుంచి 80 కొలవండి. పోలికకి అదీ సరిపోతుంది.

స్పీడోమీటర్ వీడియో తీసి లెక్కపెట్టొద్దు. యూరప్‌తో సహా చాలా దేశాలు పాటించే నిబంధన ప్రకారం స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపకూడదు, ఎక్కువ చూపొచ్చు. పది శాతం, దానిపైన ఇంకో నాలుగు కిలోమీటర్ల దాకా ఎక్కువ చూపడానికి వీలుంది. రెండు కార్ల మీటర్లు రెండు రకాలుగా చెబుతాయి. ఫోన్ జీపీఎస్ సాధారణంగా సెకనుకి ఒకసారే కొలుస్తుంది, ఇంత చిన్న తేడాలకి అది చాలదు. సెకనుకి పదిసార్లు లేదా అంతకంటే ఎక్కువ కొలిచే విడి పరికరం ఒకటి ఇద్దరూ కలిసి కొనుక్కోండి.

ఐదుసార్లు వెంటవెంటనే చేయండి. మొదటిసారి వచ్చిన అంకె కంటే ఐదోసారి వచ్చిన అంకె ముఖ్యం. టర్బో ఇంజిన్ వేడెక్కితే లోపలికి వెళ్లే గాలి వేడెక్కి పవర్ తగ్గుతుంది. హైబ్రిడ్‌లో బ్యాటరీ ఖాళీ అవుతుంది. మెర్సిడెస్-ఏఎంజీ ‘సీ63 ఎస్ ఈ పెర్ఫార్మెన్స్’ అనే హైబ్రిడ్ సెడాన్ మొత్తం పవర్ 680 పీఎస్. కానీ అందులో వెనక ఇరుసు మీది మోటారు తన పూర్తి 150 కిలోవాట్లు ఇచ్చేది గరిష్ఠంగా పది సెకన్లే. నిరంతరంగా అయితే 70 కిలోవాట్లు. ఓవర్‌టేక్‌కి పది సెకన్లు ధారాళంగా సరిపోతాయి. ట్రాక్ మీద పొడవాటి దారి అయితే అది వేరే కథ. ఎలక్ట్రిక్ సెడాన్‌ను 80 శాతం చార్జిలో ఒకసారి, 30 శాతంలో ఒకసారి కొలిచి రెండూ పక్కపక్కన రాయండి.

5. బ్రేకులు

బరువు తన బాకీ వసూలు చేసుకునేది ఇక్కడే. ఒకే వేగంలో 2,435 కిలోల కారులో ఉండే శక్తి 1,780 కిలోల కారులో ఉండేదానికంటే 37 శాతం ఎక్కువ. ఆపే ప్రతిసారీ డిస్కులు ఆ అదనపు వేడిని మింగాలి. ఒక్కసారి ఆపితే రెండూ బాగానే ఆగుతాయి, ఎందుకంటే కంపెనీ ఆ బరువుకి తగ్గ బ్రేకులే పెడుతుంది. తేడా ఎనిమిదోసారో పదోసారో తెలుస్తుంది. కాబట్టి ట్రాక్ దొరికితే 100 నుంచి సున్నాకి వరసగా పదిసార్లు ఆపండి. పెడల్ లోతుగా దిగుతోందా, కాలిన వాసన వస్తోందా, ఆగే దూరం పెరుగుతోందా చూడండి. అయిపోగానే కారు ఆపేసి నిలబెట్టకుండా, బ్రేకు తక్కువ వాడుతూ రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి చల్లారనివ్వండి.

రోడ్డు మీద అయితే ఉల్టా పరీక్ష చాలు. సిగ్నల్ దగ్గర చివరి మీటరులో కుదుపు లేకుండా ఆపగలుగుతున్నారా? మోటారుతో బ్రేకు వేసే హైబ్రిడ్‌లలో, ఎలక్ట్రిక్‌లలో ఆ చివరి మీటరు ఒక్కో కారులో ఒక్కోలా ఉంటుంది.

6. వెనక సీట్లో మీ వెనక మీరే కూర్చోండి

డ్రైవర్ సీటుని మీకు సరిపోయేలా పెట్టి, దిగి, దాని వెనకే కూర్చోండి. మోకాలికి, సీటుకి మధ్య ఎన్ని వేళ్లు పడతాయి? పాదం ముందు సీటు కిందికి వెళ్తోందా? తల పైకప్పుకి తగులుతోందా? మధ్యలో ఇంకొకర్ని కూర్చోబెట్టి, కింద గూడు కట్టిన టన్నెల్‌కి అటూ ఇటూ కాళ్లు పెట్టుకుని ఒక గంట ప్రయాణం చేయమనండి. వెనక చక్రాలకి షాఫ్ట్ వెళ్లే కార్లన్నిటికీ ఆ గూడు తప్పదు.

ఎలక్ట్రిక్ కార్లలో నేల చదునుగా ఉంటుంది కానీ బ్యాటరీ వల్ల ఎత్తుగా ఉంటుంది. అందుకని మోకాళ్లు పైకి లేస్తాయి, తొడ కింద సీటు ఆనదు. పోర్షె టైకాన్‌లో దీనికోసం బ్యాటరీ మధ్యలోనే ఖాళీ వదిలి, వెనక కూర్చున్నవాళ్ల పాదాలు కిందికి దిగేలా గుంట చేశారు. ఇలాంటి పనితనం బ్రోచర్ అంకెల్లో కనిపించదు. ఒంటికి మాత్రం వెంటనే తెలుస్తుంది.

పిల్లల సీటు ఉంటే తప్పకుండా తెచ్చి బిగించండి. ముఖ్యంగా వెనక్కి తిరిగి ఉండేది. దాన్ని బిగించాక ముందు సీటు ఎంత ముందుకి జరపాల్సి వచ్చిందో, అలా జరిపాక పెద్దవాళ్లు ముందు కూర్చోగలరో లేదో చూడండి. ఐసోఫిక్స్ (పిల్లల సీటు తగిలించే) కొక్కేలు కుట్ల మధ్య దాక్కుని ఉంటే వేళ్లకు గాయమవుతుంది. పిల్లాడిని లోపలికి దించేటప్పుడు వాలు పైకప్పు మీ తలకి తగులుతుందేమో కూడా గమనించండి.

ముందు సీట్లనీ వదలొద్దు. ఎం3కి ఎంచుకునే వీలున్న కార్బన్ బకెట్ సీట్లలో తొడల మధ్య గట్టి గుబ్బ లాంటిది ఉంటుంది, పక్క దిమ్మలు ఎత్తుగా ఉంటాయి. మలుపులో మనిషి ఇంచు కూడా జరగడు. అదే కారులో పది చోట్ల ఆగి దిగాల్సిన రోజు ఆ దిమ్మలు పదిసార్లు దాటాలి. ఇంట్లో పెద్దవాళ్లని ఒకసారి ఎక్కి దిగమనండి. వాళ్లు చెప్పే మాటే ఖాయం.

7. డిక్కీని లీటర్లతో కొలవకండి

కంపెనీలు సాధారణంగా చెప్పే లీటర్లు వీడీఏ (జర్మనీ కార్ల పరిశ్రమ సంఘం) పద్ధతివి. 200 మిల్లీమీటర్ల పొడవు, 100 వెడల్పు, 50 ఎత్తు ఉన్న దిమ్మలు, ఒక్కోటీ సరిగ్గా ఒక లీటరు. వాటిని సందుల్లోకి కూడా పేర్చి ఎన్ని పట్టాయో లెక్కపెడతారు. మీ సూట్‌కేసు ఆ సందుల్లో పట్టదు కదా. కాబట్టి ఇంట్లో ఉన్న పెద్ద సూట్‌కేసులు రెండు, ఒక మడత స్ట్రోలర్ తీసుకెళ్లి పెట్టి చూడండి. డిక్కీ నోరు ఎంత వెడల్పు, అంచు నేల నుంచి ఎంత ఎత్తు, మూత మూసేటప్పుడు కొంకి కడ్డీలు సామాన్ల మీదికి దిగుతాయా, ఇవి లీటర్ల కంటే విలువైన సమాచారం.

అయినా కొన్ని తేడాలు లీటర్లలోనూ దాగవు. మామూలు సీ-క్లాస్ సెడాన్ డిక్కీ 455 లీటర్లు. బ్యాటరీ, మోటారు వెనక పెట్టిన సీ63లో అది దాదాపు 280. ఇద్దరే తిరిగే ఇంట్లో దాన్ని పట్టించుకోనక్కర్లేదు. నలుగురు ఊరెళ్లాలంటే ప్రతి ప్రయాణానికీ ముందు అదే చర్చ అవుతుంది.

డిక్కీ నేల ఎత్తి కిందా చూడండి. స్టెప్నీ ఉందా, పంచర్ కిట్టేనా? కిట్టు చిన్న రంధ్రాలకే పనికొస్తుంది, పక్క గోడ చిరిగితే దానితో లాభం లేదు. పలచటి టైరు, స్టెప్నీ లేకపోవడం రెండూ కలిసిన కారైతే నోట్‌బుక్‌లో రెండుసార్లు గీత పెట్టండి.

8. ఇంధనం

ట్యాంకు నింపి, పంపు మొదటిసారి దానంతటదే ఆగగానే ఆపండి. కనీసం 200 కిలోమీటర్లు నడిపి, వీలైతే అదే పంపు దగ్గర, అదే తీరులో మళ్లీ నింపండి. కారు తెర మీద చూపే సగటుని నమ్మొద్దు. మైలేజీ ఒక్కటే కాకుండా ట్యాంకుతో కలిపి చూడండి. ఎం3 ట్యాంకు 59 లీటర్లు. ఉత్సాహంగా నడిపి వంద కిలోమీటర్లకి 12 లీటర్లు తాగిస్తే 490 కిలోమీటర్లు, అందులోనూ చివరి యాభై లెక్కలోకి తీసుకోలేం.

ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అయితే నిండు చార్జితో ఒకసారి, ఖాళీ బ్యాటరీతో ఒకసారి కొలవాలి. కంపెనీ చెప్పే ఒక్క అంకె ఈ రెండింటి మిశ్రమం. రోజూ ఇంట్లో చార్జ్ పెట్టేవాళ్లకీ, పెట్టనివాళ్లకీ ఆ కారు రెండు వేర్వేరు కార్లు. పూర్తి ఎలక్ట్రిక్ అయితే 10 నుంచి 80 శాతానికి ఎన్ని నిమిషాలు పట్టిందో మీరే గడియారం పెట్టి చూడండి.

9. మాట్లాడుకునే ముందు రాయండి

రెండో రోజు సాయంత్రం ఇద్దరూ విడివిడిగా కూర్చుని రాయాలి, రాసేదాకా అభిప్రాయాలు చెప్పుకోకూడదు. ఒకరు ముందు నోరు తెరిస్తే రెండోవాళ్ల జ్ఞాపకం అటే వంగిపోతుంది. తర్వాత నోట్‌బుక్‌లు మార్చుకుని చదవండి. మీ కారు గురించి ఫ్రెండ్ రాసింది కొంచెం గుచ్చుకుంటుంది. అయినా జాగ్రత్తగా చదవండి, మీకు అలవాటైపోయి కనిపించని లోపాలు వాళ్లకి కొత్తగా కనిపిస్తాయి. టైర్ల సెట్టు ఎన్ని కిలోమీటర్లు వచ్చింది, బ్రేకు ప్యాడ్లు ఎప్పుడు మార్చారు, సర్వీసుకి ఎన్ని రోజులు కారు లేకుండా ఉన్నారు, ఇవి కూడా అప్పుడే బిల్లులు చూసి రాసుకోండి. గుర్తున్నంత మేరకు చెబితే అందరం తక్కువే చెబుతాం.

తాళాలు తిరిగి మార్చుకున్నాక ఇంకొక్క పేజీ మిగలాలి. మీ సొంత కారెక్కి ఇంటికి బయల్దేరిన మొదటి పది నిమిషాల్లో మీ చేతికి, నడుముకి, చెవికి ఏం తట్టిందో దారిలో ఎక్కడైనా ఆపి రాసేయండి. స్టీరింగ్ బరువెక్కినట్టుందా, సీటు ఇంత మెత్తగా ఉండేదా, ఇంజిన్ ఇంత చప్పుడు చేసేదా అని. ఇంటికి చేరేసరికి పాత అలవాటు తిరిగొచ్చేస్తుంది, మళ్లీ కార్లు మార్చుకునేదాకా ఆ పేజీ రాయడానికి వీలు కాదు.